మళ్లీ చెప్పు అన్నప్పుడు

రాసేటప్పుడు నల్లగొండ అని రాస్తాం. బస్టాండులో కండక్టరు మాత్రం నల్గొండ, నల్గొండ అనే పిలుస్తాడు. నడుమ అచ్చు ఊడిపోయింది, జంట లకారం ఒంటిదైంది. దేవరకొండ దేవర్కొండ కావడం కూడా అట్లాంటిదే. మహబూబ్‌నగర్‌లో హకారం తొందర మాటలో నిలవదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో వచ్చిన పేరది. పాలమూరు మాత్రం ఇప్పటికీ నోట్లోంచి పోలేదు.

ఇవి తప్పులు కావు. ఎదుటి మనిషికి సంగతి తెలుసనుకుంటే నాలుక శ్రమ తగ్గించుకుంటుంది. అర్థం కాలేదంటే నెమ్మదిస్తుంది, మింగిన అక్షరాన్ని బయటికి తెస్తుంది. ఇది అన్ని భాషల్లోనూ ఉన్నదే.

అయితే ‘స్పష్టంగా’ అంటే ఎవరి లెక్క ప్రకారం? 1962లో అమెరికాలో విలియం లబోవ్ అనే భాషా పరిశోధకుడు న్యూయార్క్‌లోని మూడు దుకాణాలకు పోయి, నాలుగో అంతస్తు అని జవాబొచ్చే ప్రశ్న అడిగాడు. విననట్టు నటించి మళ్లీ చెప్పించుకున్నాడు. మొదటిసారి రకారం మింగినవాళ్లలో కొందరు రెండోసారి దాన్ని పలికారు. గొప్పవాళ్ల పలుకుగా పేరున్న రకారం అది. అంటే మళ్లీ చెప్పమన్నప్పుడు మనం గట్టిగా చెప్పి ఊరుకోము, పెద్దల మాటలా చెప్పబోతాం.

మన దగ్గర ఆ పెద్దల మాటే మారుతూ వచ్చింది. నిజాం కాలంలో కచేరి భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియాలో చదువూ ఉర్దూలోనే. జమీన్, దస్తావేజు లాంటి మాటలు సరిగ్గా పలికినవాడే తెలిసినవాడు. తర్వాత పాఠ్యపుస్తకపు తెలుగు వచ్చింది. ‘వచ్చిండు’ అన్న పిల్లవాణ్ణి మళ్లీ చెప్పమంటే ‘వచ్చాడు’ అంటాడు. వచ్చిండులో వినబడని అక్షరమేముంది?

అమ్రాబాద్ గుట్టల్లోని చెంచుల మాట తెలుగే. అయినా అంగట్లో వాళ్లను ‘సరిగ్గా మాట్లాడు’ అనేవాళ్లకు కొదవ లేదు. గ్రియర్సన్ భాషా సర్వే 1907 నాటి సంపుటంలో బంజారీ మాట నమోదైంది గానీ, ఆ సర్వే హైదరాబాద్ సంస్థానంలో జరగలేదు. ఇక్కడి తండాల పలుకు అందులోకి ఎక్కలేదు. ఉత్తరాంధ్ర సవరలకు గిడుగు రామమూర్తి దొరికాడు. వాళ్ల మాట చెవితో విని నేర్చుకుని, 1931లో వాళ్ల భాషకు పుస్తకం వేశాడు.

టీచర్లకు ఒక మాట. తండా పిల్లలకు ఒత్తులు పలకడం కొత్త కాదు. ఘర్ అంటే ఇల్లు, ఘోడో అంటే గుర్రం. గోర్ బోలిలో ఇవి రోజూ వాడే మాటలు. చుట్టుపక్కల ఊళ్లలో భూమిని బూమి అంటారు, ధర్మాన్ని దర్మం అంటారు. ‘మీ వాళ్లకు నోరు తిరగదు’ అని మాత్రం మనకే చెప్తారు.

మా దాదా పేరు భీక్యా. ఒక దస్త్రంలో బిక్యా అని పడింది, ఇంకొక కార్డులో భిక్య. మూడూ ఒక్క మనిషివేనని రుజువు చేయడానికి నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాడు. పోయిన ఎండాకాలం వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు ఫోనులో రికార్డు చేస్తూ పేరడిగాను. ‘భీక్యా’ అన్నాడు. వినబడలేదు దాదా, మళ్లీ చెప్పు అన్నాను. నడుము నిటారు చేసుకుని, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు: ‘బి. క్యా.’