బడిలో మాట, బడిలో మౌనం: భావప్రకటన స్వేచ్ఛకు హద్దు ఎవరు గీయాలి?

1985 జులైలో కేరళలోని కొట్టాయం జిల్లా కిడంగూర్‌లో ముగ్గురు అన్నాచెల్లెళ్లను హైస్కూల్ నుంచి పంపించేశారు. అన్న పదో తరగతి. చెల్లెళ్లలో ఒకరు తొమ్మిది, ఇంకొకరు ఐదు. వాళ్లు చేసిందల్లా పొద్దున అసెంబ్లీలో జాతీయ గీతం పాడకపోవడం. అందరితో పాటు లేచేవారు, గీతం అయ్యేదాకా కదలకుండా నిలబడేవారు, పెదవి మాత్రం కదిపేవారు కాదు. వాళ్లది యెహోవా సాక్షుల కుటుంబం. అలాంటి గీతాలు పాడటం తమ విశ్వాసానికి విరుద్ధమని వాళ్ల నమ్మకం. ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ అమర్యాదగా అనుకోలేదు. ఒక ఎమ్మెల్యే కంటపడి, అసెంబ్లీలో ప్రశ్న లేవనెత్తేసరికి వ్యవహారం మారిపోయింది.

ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అవమానించలేదనీ కమిషన్ చెప్పింది. అయినా విద్యాశాఖ అధికారి మాట మీద హెడ్‌మిస్ట్రెస్ పిల్లల్ని తీసేశారు. తండ్రి వెళ్లి, పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా అయినా క్లాసులో కూర్చోనివ్వమని అడిగాడు. కుదరదన్నారు. కేరళ హైకోర్టులో సింగిల్ జడ్జి దగ్గర, తర్వాత డివిజన్ బెంచ్ దగ్గర కూడా ఓడిపోయి చివరికి సుప్రీంకోర్టుకు వెళ్లారు.

1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లిన మన తెలుగు న్యాయమూర్తి. ఆయనతో పాటు బెంచ్‌లో జస్టిస్ ఎం.ఎం. దత్ ఉన్నారు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా లా విద్యార్థులంతా చదివే తీర్పు ఇదే.

తీర్పులో దేశభక్తి మీద ఉపన్యాసం ఏమీ లేదు. కోర్టు వేసుకున్న ప్రశ్న చాలా చిన్నది: పాడి తీరాలని చెప్పే చట్టం ఏది? 1971 నాటి జాతీయ గౌరవ చట్టం చూస్తే, కావాలని గీతాన్ని ఆపినా, పాడుతున్న సభలో అల్లరి చేసినా నేరం, మూడేళ్ల దాకా జైలు. పాడకుండా మర్యాదగా నిలబడటం అందులో నేరం కాదు. ఇక మిగిలింది కేరళ విద్యాశాఖ సర్క్యులర్లు. వాటికి చట్టబలం లేదని కోర్టు తేల్చింది. పౌరుడి నోరు మూయించాలన్నా, తెరిపించాలన్నా శాసనం కావాలి, ఆఫీసు కాగితం చాలదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ), 25(1) అధికరణలు రెండూ ఉల్లంఘించారని చెప్పి, పిల్లల్ని వెంటనే బడిలోకి తీసుకోమంది. మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కు కూడా ఉందన్న సంగతి ఇక్కడే స్థిరపడింది.

అంటే హద్దులే లేవని కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 19(1)(ఎ) హక్కు ఇస్తే, పక్కనే ఉన్న 19(2) హద్దులు గీస్తుంది. దేశ సార్వభౌమత్వం-సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహం, ప్రజా శాంతి, సభ్యత-నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం. మొత్తం ఎనిమిది. ఇవన్నీ మొదటినుంచీ ఉన్నవి కావు. 1950లో రమేష్ థాపర్ పత్రిక మీద మద్రాసు ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టేశాక, 1951లో మొదటి రాజ్యాంగ సవరణతో ప్రజా శాంతి, విదేశీ స్నేహం, నేరానికి ఉసిగొల్పడం చేర్చారు. అయితే అదే సవరణలో ఆంక్ష ‘సహేతుకం’గా ఉండాలన్న మాట కూడా చేర్చారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇప్పటికీ కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి. సార్వభౌమత్వం-సమగ్రత 1963లో వచ్చింది.

ఈ ఎనిమిదింటిలో ‘ఎవరికో కోపం రావడం’ లేదు. ‘చిరాకు పుట్టించడం’ కూడా లేదు. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ సరిగ్గా ఆ చిరాకునే నేరం చేసింది. 2012లో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఒక నాయకుడి మరణం తర్వాత జరిగిన బంద్ మీద ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయిని, దానికి లైక్ కొట్టిన ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేశారు. చర్చ చేయొచ్చు, ఒక వాదాన్ని సమర్థించొచ్చు, అది ఎంత చేదుగా ఉన్నా సరే. ఉసిగొల్పే దాకా పోయినప్పుడే చట్టం చెయ్యి వేయాలి.

మతాన్ని అవమానించే మాటల సంగతి వేరు. భారతీయ న్యాయ సంహితలో 299 సెక్షన్, అంటే పాత 295ఎ, ఒక వర్గం మత భావాలను కావాలని, దురుద్దేశంతో గాయపరిస్తే మూడేళ్ల దాకా శిక్ష అంటుంది. ఉద్దేశం రుజువు కావాలి. తెలియక జారిన మాట దీని కిందకు రాదని 1957లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వర్గాల మధ్య పగ రేపితే 196 సెక్షన్. రాతలో చట్టం ఇంత జాగ్రత్తగానే ఉంది. ఎవరి మాట మీద పోలీసు త్వరగా కదులుతాడు, ఎవరి మాట మీద కదలడు అన్నదే జనం అడిగే ప్రశ్న.

మళ్లీ బడికి వద్దాం. క్లాసులో క్రమశిక్షణ ఉండాలి, అందులో వాదన లేదు. టీచర్ పాఠం చెబుతుంటే అరవడం, తోటి పిల్లాణ్ని కులం పేరుతో, మతం పేరుతో వెక్కిరించడం స్వేచ్ఛ కిందకు రావు. కానీ సందేహం అడిగినందుకు, టాయిలెట్ బాగోలేదన్నందుకు, మధ్యాహ్న భోజనంలో పురుగు ఉందని చెప్పినందుకు పిల్లల్ని నిలబెట్టి తిట్టడం క్రమశిక్షణ కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో, పిల్లల్ని భయం నుంచి విముక్తం చేసి తమ అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పేలా పాఠ్యక్రమం ఉండాలని రాశారు. 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. ఎలిమెంటరీ చదువు అయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదని 16వ సెక్షన్ అంటుంది. ఒక మెలిక ఉంది: 2014 ప్రమతి తీర్పు ప్రకారం మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదు. తల్లిదండ్రులు ఇది తెలుసుకుని ఉండటం మంచిది.

కిడంగూర్ పిల్లల కేసు 2022లో మళ్లీ తెరమీదకు వచ్చింది, ఈసారి కర్ణాటకలో. ఉడుపి ప్రభుత్వ కాలేజీలో హిజాబ్ గొడవ తర్వాత ఫిబ్రవరి 5న ప్రభుత్వం యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది. కేరళకూ దీనికీ తేడా ఏంటంటే, ఇక్కడ ఉత్తర్వు వెనుక 1983 కర్ణాటక విద్యా చట్టం ఉందని ప్రభుత్వం చూపించింది. దాంతో ‘చట్టం ఉందా’ అన్న ప్రశ్నతో ఆగకుండా ‘ఆ ఆంక్ష సహేతుకమా’ అన్నదాకా వాదన వెళ్లింది. క్లాస్‌రూమ్ లాంటి చోట వ్యక్తిగత హక్కులు కొంత వెనక్కి తగ్గాలంటూ హైకోర్టు మార్చి 15న ఉత్తర్వును సమర్థించింది.

సుప్రీంకోర్టులో అక్టోబర్ 13న ఇద్దరు జడ్జీలు రెండు దారులు పట్టారు. యూనిఫాం సమానత్వాన్ని పెంచుతుందని జస్టిస్ హేమంత్ గుప్తా ఉత్తర్వును నిలబెట్టారు. జస్టిస్ సుధాంశు ధూలియా కొట్టేశారు. గేటు దగ్గర హిజాబ్ తీయమనడం ఆ అమ్మాయి గౌరవం మీద, గోప్యత మీద దాడి అన్నారు. ఇంటిపనులు చేసుకుని, ఎన్నో అడ్డంకులు దాటి బడికి వచ్చే ఆడపిల్ల బతుకును ఇంకాస్త మెరుగు చేస్తున్నామా అని అడిగారు. ఆయన ఆధారం చేసుకున్న తీర్పుల్లో చిన్నప్పరెడ్డి తీర్పు ముఖ్యమైనది. ఇద్దరూ ఏకీభవించకపోవడంతో పెద్ద బెంచ్ కోసం ఫైలు చీఫ్ జస్టిస్ దగ్గరకు వెళ్లింది.