చల్లబరచి, కోసి, కాల్చే వెన్న బిస్కెట్లు: షార్ట్‌బ్రెడ్ తయారీ

షార్ట్‌బ్రెడ్ స్కాట్లాండ్‌కు చెందిన వెన్న బిస్కెట్టు. పేరులో బ్రెడ్ అనే మాట ఉన్నా ఇది రొట్టె కాదు. మైదా, వెన్న, చక్కెర అనే మూడు పదార్థాలతోనే తయారవుతుంది. గుడ్డు, సోడా, బేకింగ్ పౌడరు ఇందులో ఉండవు. నీళ్లు గానీ పాలు గానీ పోయనక్కరలేదు. అందువల్ల గుడ్డును వంటింటిలోకి రానివ్వని కుటుంబాలవారు సైతం నిస్సంకోచంగా చేసుకోవచ్చు. పిండిముద్దను కడ్డీలాగా చుట్టి, ఫ్రిజ్జులో గట్టిపరచి, చాకుతో బిళ్లలుగా కోసి కాల్చే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. చలిదేశాలలో ఈ చల్లబరచడం ఒక సౌకర్యం మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే బళ్లారి, రాయచూరు, చంద్రపూర్ వంటి ప్రాంతాలలో దీనిని వదిలిపెడితే పళ్లెంలో బిస్కెట్లకు బదులు నెయ్యి మడుగు మిగులుతుంది.

ఇంగ్లీషులో షార్ట్ అంటే పొట్టి అని మనం బడిలో నేర్పుతాము. పిండివంటల విషయంలో దానికి మరొక పాత అర్థం ఉంది: సులభంగా విరిగి పొడిగా రాలిపోయేది. దీనికి మన భాషలో సరిగ్గా సరిపోయే మాట ఉన్నది, అదే ‘గుల్ల’. చక్రాలకూ చెక్కలకూ పిండి కలిపేటప్పుడు కాస్త వెన్న వేసి ‘గుల్లగా వస్తాయి’ అని పెద్దవారు చెబుతారు గదా, ఇక్కడ జరిగేదీ అదే. గోధుమపిండికి నీరు తగిలితే అందులోని మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అనే సాగే జిగురు ఏర్పడుతుంది. చపాతీ సాగడానికి కారణం అదే. నీటికంటె ముందు కొవ్వు పిండిరేణువులకు పట్టుకుంటే ఆ జిగురు పొడవుగా అల్లుకోలేదు. షార్ట్‌బ్రెడ్‌లో పిండికి మూడింట రెండు వంతుల బరువు వెన్న పడుతుంది. అంత గుల్లదనం మరే బిస్కెట్టులోనూ సాధారణంగా కనిపించదు.

స్కాట్లాండ్‌లో పూర్వం సామాన్యుల నిత్యాహారం ఓట్లు. వెన్న, చక్కెర ఖరీదైనవి కావడంతో షార్ట్‌బ్రెడ్‌ను క్రిస్మస్‌కు, పెళ్లిళ్లకు, హోగ్మనే అని వారు పిలుచుకునే సంవత్సరాంతపు పండుగకు మాత్రమే చేసేవారు. కొత్త సంవత్సరపు అర్ధరాత్రి దాటాక ఇంటి గడప తొక్కే మొదటి అతిథి చేతిలో బొగ్గు, విస్కీ వంటివాటితో పాటు షార్ట్‌బ్రెడ్ కూడా తీసుకురావడం అక్కడి ఆచారం. 16వ శతాబ్దపు రాణి మేరీకి ఇది ప్రీతిపాత్రమని ఒక కథ ప్రచారంలో ఉంది గాని, దానిని కథగానే తీసుకోవాలి. గుండ్రటి పెద్ద బిళ్లగా కాల్చి విసనకర్ర ఆకారపు ముక్కలుగా కోయడం, లేదా వేలంత పొడవు పలకలుగా చేయడం అక్కడి సంప్రదాయం. పిండిని చుట్టి చల్లబరచి కోసే పద్ధతి మాత్రం అమెరికాలో వ్యాప్తి చెందింది. 1920, 1930 దశకాలలో ఇళ్లకు ఫ్రిజ్జులు రావడంతో ఇటువంటి వంటకాలు అక్కడ ఎంతో ప్రచారం పొందాయి. మంచుగడ్డలు ఉంచే పాతకాలపు పెట్టె పేరుతో వాటిని ఐస్‌బాక్స్ కుకీలు అన్నారు.

మన వైపు దీనికి బంధువులు లేకపోలేదు. బెంగుళూరు అయ్యంగారు బేకరీలలోని బెణ్ణె బిస్కెట్టు, సూరతు పేరుతో ముడిపడిన నాన్‌ఖటాయి, హైదరాబాదు ఉస్మానియా బిస్కెట్టు అందరికీ తెలిసినవే. నాన్‌ఖటాయిలో సాధారణంగా నెయ్యి, కొంత శనగపిండి లేదా రవ్వ, పొంగడానికి సోడా వేస్తారు. అందుకే దాని పైభాగం పగుళ్లు విచ్చుతుంది. షార్ట్‌బ్రెడ్ పొంగదు, పగలదు. కోసిన బిళ్ల కోసినట్లే నునుపుగా నిలవడం దాని లక్షణం.

కొలతలు

గుర్తుంచుకోవలసిన లెక్క 1:2:3. చక్కెర ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు. ఇవి బరువు కొలతలు, గ్లాసు కొలతలు కావు. చక్కెర 100 గ్రాములు, వెన్న 200 గ్రాములు, మైదా 300 గ్రాములు తీసుకుంటే సుమారు 50 చిన్న బిళ్లలు వస్తాయి. ఉప్పులేని వెన్న అయితే చిటికెడు ఉప్పు వేయాలి. అంగడిలో దొరికే టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది గనుక వేరుగా వేయకూడదు. మన చక్కెర పలుకులు పెద్దవి. వాటిని అలాగే వేస్తే కోసేటప్పుడు చాకుకు తగిలి అంచు విరుగుతుంది, కావున మిక్సీలో మెత్తని పొడి చేసి జల్లించాలి.

ఇంటి వెన్నతో చేసేవారు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవగలరు. అంగడి వెన్నలో చట్టప్రకారం కొవ్వు 80 శాతానికి తగ్గరాదు, తేమ 16 శాతానికి మించరాదు. మజ్జిగ చిలికి తీసిన వెన్నలో నీరు అంతకంటె చాలా ఎక్కువగా ఉండవచ్చు. ఆ నీరే బిస్కెట్టును గట్టి చెక్కలాగా మారుస్తుంది, కాలేటప్పుడు ఆవిరై ఆకారాన్నీ చెడగొడుతుంది. కాబట్టి వెన్నను చల్లని నీటిలో, నీరు తేటగా వచ్చేవరకు రెండు మూడుసార్లు కడగాలి. తరువాత చెక్క గరిటెతో పళ్లెంపై అదిమి అదిమి నీటిని వార్చాలి. పుల్లవాసన ఉన్న వెన్న పనికిరాదు. అది నెయ్యి కాచుకోవడానికే మేలు. గేదెవెన్న ఆవువెన్నకంటె కొంచెం ఎక్కువ వేడిమికి గాని కరగదు. ఈ పనికి అది ఒక సుగుణమే. వెన్న లేక నెయ్యే ఉన్నచోట 200 గ్రాములకు బదులు 160 గ్రాముల పేరుకున్న నెయ్యి తీసుకుని, ముద్ద కలవడానికి రెండు చెంచాల చల్లని పాలు చేర్చుకోవచ్చు. రుచి నాన్‌ఖటాయి వైపు మొగ్గుతుంది.

కలపడం, చుట్టడం

వెన్నను వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉన్నప్పుడు తీసుకోవాలి. వేలికి నూనెలా అంటుతున్నదంటే అప్పటికే ఆలస్యమైనట్లు. వేసవిలో ఈ పనికి తెల్లవారుజామే తగినవేళ. వెన్నలో చక్కెరపొడి వేసి గరిటెతో కలిసేవరకు మాత్రమే కలపాలి. కేకుకు చేసినట్లు నురగగా గిలకొట్టితే గాలి చేరి, కాలేటప్పుడు బిళ్లలు పరచుకుపోతాయి. జల్లించిన మైదాను రెండు విడతలుగా చేర్చి వేళ్ల కొనలతో ముద్దకు తేవాలి. మొదట ఇసుకలాగా పొడిపొడిగా ఉండడం చూచి కంగారుపడి నీళ్లు చిలకరించవద్దు, మరికాసేపు అదిమితే ముద్ద అవుతుంది. చపాతీపిండిలా మర్దించకూడదు. పచ్చి మైదాలో హానికర సూక్ష్మజీవులు ఉండగలవు గనుక పిల్లలు ముద్దను రుచి చూడకుండా జాగ్రత్త వహించాలి.

ముద్దను రెండు భాగాలు చేసి, ఒక్కొక్కదానిని బటర్ పేపరుపై ఉంచి, నాలుగు సెంటీమీటర్ల లావు, జానెడు పొడవు గల కడ్డీగా దొర్లించాలి. లోపల గాలిబుడగలు మిగలకుండా మొదట గట్టిగా అదమాలి. కాగితంలో చుట్టి రెండు కొసలనూ చాక్లెట్ పొట్లం మాదిరి మెలిపెట్టాలి. దీనిని పళ్లెంలో ఊరకే ఉంచితే అడుగుభాగం చదునై బిళ్లలు అర్ధచంద్రాకారంలో వస్తాయి. ఒక పళ్లెంలో బియ్యం పోసి ఆ పరుపుపై పడుకోబెడితే గుండ్రదనం చెడదు.

ఫ్రిజ్జులో కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచాలి. ఈ విరామంలో జరిగే పని ఇది: పాలకొవ్వు దాదాపు 32 నుండి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది. వేసవిలో మన వంటగది దానికి ఏమాత్రం తీసిపోదు. మెత్తని బిళ్లను ఓవెన్‌లో పెడితే, పిండి కాలి గట్టిపడకముందే వెన్న కరిగి ప్రవహిస్తుంది. నాలుగైదు డిగ్రీలకు చల్లబడిన బిళ్లలో వెన్న కరగడానికి సమయం పడుతుంది, ఈలోగా అంచులు బిగుసుకుంటాయి. పైగా వెన్నలోని కొద్దిపాటి తేమను పిండి సమానంగా పీల్చుకుంటుంది. దొర్లించేటప్పుడు అంతో ఇంతో ఏర్పడిన జిగురు కూడా సడలుతుంది.

కరెంటు కోతలు మన ఊళ్లకు కొత్త కాదు. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్జు దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది, కనుక కోత వేళలో మాటిమాటికి తీసి చూడకుండా ఉంటే చాలు. ముద్ద ఫ్రిజ్జులో మూడు నాలుగు రోజులు, పైఅరలోని ఫ్రీజరులో రెండు నెలల వరకు నిలువ ఉంటుంది. పండుగకు వారం ముందే చుట్టి పెట్టుకుని, చుట్టాలు వచ్చిననాడు కావలసినన్ని కోసి కాల్చుకోవడం ఈ పద్ధతిలోని అసలైన లాభం. ఫ్రిజ్జు లేనివారు కడ్డీని నీరు చొరని స్టీలు డబ్బాలో బిగించి మూతపెట్టి, మంచుగడ్డలు నింపిన థర్మోకోల్ పెట్టెలో గంటన్నర ఉంచినా పని జరుగుతుంది. కోలారు, హోసూరు వంటి ఎత్తు ప్రాంతాలలో డిసెంబరు, జనవరి రాత్రుల చలికి ముద్ద ఓ మోస్తరుగా గట్టిపడుతుంది, అయితే అప్పుడు బిళ్లలు మందంగా కోసుకోవాలి.

కోయడం, కాల్చడం

పలుచని పదునైన చాకు అవసరం. బిళ్ల మందం 8 మిల్లీమీటర్లు, అనగా చిటికెనవేలి మందానికి కొంచెం తక్కువ. ఒక్కొక్క బిళ్ల కోయగానే కడ్డీని పావు చుట్టు తిప్పితే ఒకేవైపు నొక్కుడు పడదు. కోసేటప్పుడు పగుళ్లిస్తే మరీ గట్టిగా ఉన్నదని అర్థం. ఐదు నిమిషాలు బయట ఉంచాలి. చాకు కిందికి వంగి సాగుతున్నట్లయితే తిరిగి ఫ్రిజ్జుకు పంపాలి. బిళ్లలను వేలెడు దూరంలో పేర్చి, ఎండాకాలమైతే పళ్లెంతో సహా మరో పది నిమిషాలు చల్లబరచడం మంచిది.

ఓటీజీ ఓవెన్‌ను 160 డిగ్రీలకు పది నిమిషాలు ముందుగా వేడిచేసి, 15 నుండి 20 నిమిషాలు కాల్చాలి. 1500 వాట్ల ఓవెన్‌కు ఒక పళ్లెం బిస్కెట్లకు ఖర్చయ్యే విద్యుత్తు ఒక యూనిట్‌కు మించదు. అయితే సాయంత్రం వేళ వోల్టేజి పడిపోయే ఊళ్లలో ఒక చిక్కు ఉంది. వేడితీగ శక్తి వోల్టేజి వర్గానికి అనుగుణంగా మారుతుంది. 230 వోల్టులకు బదులు 180 మాత్రమే వస్తే ఓవెన్ శక్తి 61 శాతానికి దిగిపోతుంది. అటువంటప్పుడు వేడి నెమ్మదిగా ఎక్కి వెన్న ముందు కారిపోతుంది. బిస్కెట్లు పరచుకుపోయాయని పిండిని నిందించేవారు ఈ సంగతి గమనించగలరు. వోల్టేజి నిలకడగా ఉండే వేళ చూసుకోవాలి.

ఓవెన్ లేకుంటే మందపాటి పాత మూకుడులో లేదా పెద్ద గిన్నెలో రెండంగుళాల ఎత్తు ఇసుక పోసి, దానిపై స్టాండు ఉంచి, మూతపెట్టి మధ్యస్థపు మంటపై పదిహేను నిమిషాలు కాచాలి. బిళ్లల పళ్లెం స్టాండుపై పెట్టి మంట తగ్గించి 20 నుండి 25 నిమిషాలు కాల్చాలి. నాన్‌స్టిక్ పాత్రలు ఇందుకు తగవు. ప్రెషర్ కుక్కరును నీళ్లు లేకుండా వాడడం కూడా నేను సమ్మతించను. పాత గిన్నె ఉండగా దానిని పాడుచేసుకోవడం దేనికి?

రంగు చూచి దించేవారు ఒక విషయం గమనించాలి. షార్ట్‌బ్రెడ్ లేతరంగు బిస్కెట్టు. అంచులు మాత్రం ఎండిన గడ్డిరంగుకు రావాలి, పైభాగం తెల్లగానే ఉంటుంది. గేదెవెన్నలో పసుపురంగునిచ్చే కెరోటిన్ ఉండదు కాబట్టి మరింత తెల్లగా కనిపిస్తుంది. అది ఎర్రబడాలని ఎదురుచూస్తే అడుగు మాడుతుంది. ఒక బిళ్లను అట్లకాడతో ఎత్తి అడుగు చూడడమే సరైన పరీక్ష. దించినప్పుడు మెత్తగానే ఉంటుంది. పళ్లెంలోనే పది నిమిషాలు వదిలితే గట్టిపడుతుంది.

మార్పులు

స్కాట్లాండ్‌లోనే కొందరు కొంత మైదాకు బదులు బియ్యపుపిండి లేదా రవ్వ వేస్తారు. 300 గ్రాములలో 50 గ్రాములు బియ్యపుపిండి వేస్తే కరకర పెరుగుతుంది. అదే విధంగా 75 గ్రాముల రాగిపిండి వేసి చేసినదే నాకు అన్నిటికంటె నచ్చినది. రాగిలో గ్లూటెన్ లేనందున గుల్లదనం చెడదు. వేయించి పలుకులుగా దంచిన వేరుశనగపప్పు, ఏలకులు, జీలకర్ర కూడా కలుపుకోవచ్చు. పలుకులు పెద్దవైతే కోత సాఫీగా రాదు. బెల్లం మాత్రం తేమ కలది గనుక ఈ పద్ధతికి ఇమడదు.

ఖర్చు తగ్గుతుందని వెన్నకు బదులు వనస్పతి వాడేవారున్నారు. 2022 జనవరి నుండి మన దేశంలో నూనెలు, కొవ్వులలో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వులను 2 శాతానికి పరిమితం చేశారు గనుక పూర్వపు భయం కొంత తగ్గింది. కానీ మూడే పదార్థాలున్న వంటకంలో వెన్న రుచిని తీసివేస్తే తినడానికేముంది? చేసేదేదో తక్కువ చేసుకోవడం ఉత్తమం. పై లెక్కన ఒక్కొక్క బిళ్లలో నాలుగు గ్రాముల వెన్న, రెండు గ్రాముల చక్కెర ఉంటాయి. బడిపిల్లల డబ్బాలో రెండు చాలు. మధుమేహం గల పెద్దలకు చక్కెరతో పాటు మైదా కూడా లెక్కలోకి వస్తుందని మరువరాదు.

పూర్తిగా చల్లారిన తరువాతనే గాలి చొరని డబ్బాలో వేయాలి. వెచ్చగా వేస్తే ఆవిరి పట్టి మెత్తబడతాయి. పొడి ప్రాంతాలలో రెండు వారాలు నిలుస్తాయి. బరంపురం, యానాం వంటి తీరప్రాంతపు తేమగాలిలో వారానికే మెత్తబడవచ్చు. అప్పుడు 150 డిగ్రీల వద్ద ఐదు నిమిషాలు వేడిచేసి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. ముక్కవాసన వస్తే మాత్రం పారవేయాలి.