భుజపు నొప్పి వెనుక దాగిన రాచపుండు

భుజం నొప్పి పుట్టినవాడు మొట్టమొదట కీలునే అనుమానిస్తాడు. కాపడం పెడతాడు, తైలం రాస్తాడు. అప్పటికీ తగ్గకపోతే ఫిజియోథెరపిస్టు వద్ద వ్యాయామాలు నేర్చుకొంటాడు. చాలమందికి ఇది సరియైన మార్గమే. కాని ఆ నొప్పికి మూలం కీలులోగాక ఊపిరితిత్తి కొనలో పుట్టిన క్యాన్సరు, అనగా రాచపుండు, అయి ఉండే సందర్భాలు కొన్ని ఉన్నవి. ఈ సంగతి తేలడానికి దాదాపు నూరేండ్లు పట్టినది.

1838లో ఎడ్వర్డ్ సెలెక్ హేర్ అనే ఆంగ్ల వైద్యుడు ఒక రోగిని గురించి లండన్ మెడికల్ గెజెట్ పత్రికకు వ్రాశాడు. రోగికి మెడ అడుగున గడ్డ. చేతి వెంట పోటు, తిమ్మిరి. ఆ ప్రక్క కనుపాప చిన్నదై రెప్ప వాలినది. చేతికీ కంటికీ ఏమిటి సంబంధం? గడ్డ నరాలను ఆక్రమించినదని హేర్ గ్రహించాడు. ఆ లేఖ చాలకాలం మరుగున పడిపోయినది.

1895లో రాంట్‌జన్ ఎక్సురేలను కనుగొన్న తరువాతగాని రొమ్ములోనికి తొంగిచూచే వీలు కలుగలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఎక్సురే ఆచార్యుడు హెన్రీ పాన్‌కోస్ట్ 1924లోను, మరల 1932లోను ఇట్టి రోగులను వర్ణించాడు. భుజంలో తగ్గని నొప్పి, చిటికెన వ్రేలి వైపు దిగే పోటు, అరచేతి కండరాల క్షీణత, ఆ ప్రక్క కంటిలో మార్పు - ఇవి ఒకచోట చేరడమే గుర్తు. నేడు ఆ గడ్డకు ఆయన పేరే. అయితే అది పిండదశలో మిగిలిపోయిన కణాలనుండి పుట్టినదని ఆయన భావించాడు. శ్వాసనాళపు క్యాన్సరేనని 1932లోనే చెప్పినవాడు అర్జెంటీనా వైద్యుడు టోబియాస్. పేరు ఒకరికి, సరియైన జవాబు మరొకరికి దక్కినవి!

ఊపిరితిత్తి కొన మొదటి ప్రక్కటెముకకు పైగా, మెడ మొదలువరకు లేచి ఉంటుంది. చేతికి దిగే నరాలు దానిని ఆనుకొనే పోతవి. కనుపాపను విప్పార్చే నరాల దారి కూడ అచ్చటనే. గడ్డ పెద్ద శ్వాసనాళాలకు దూరం కనుక దగ్గు, రక్తం పడడం మొదట తరచు కనిపించవు. ఎక్సురేలో ఎముకల నీడలు దానిని కప్పివేయవచ్చును. అందుచేత రోగి నెలల తరబడి కీళ్లవాతానికి చికిత్స పొందుతూ ఉండిపోతాడు.

వైద్యుడు రోగిని చూచేది కొద్ది నిమిషాలు. ఫిజియోథెరపిస్టు వారం వారం అదే భుజాన్ని పట్టి కదలిస్తాడు. కీలు నొప్పి సాధారణంగా కదలికతో హెచ్చి, విశ్రాంతితో తగ్గుతుంది. రాత్రిపూట నొప్పి ఒక్కటే అయితే కీలు బిగిసినవారికీ ఉంటుంది. భుజం సులువుగా తిరుగుతున్నా బాధ మానక, చేతి పట్టు సడలుతూ ఉంటే, అందులోను పొగత్రాగేవారికి, వ్యాయామం ఆపి వైద్యుని వద్దకు పంపవలసినదే. ఆస్ట్రేలియాలో 1976 నుండి రోగులు వైద్యుని చీటీ లేకుండానే ఫిజియోథెరపిస్టు వద్దకు వెళ్లవచ్చును. అట్టి చోట ఆ వాలిన కనురెప్పను మొదట చూచేది ఆయనే.