దీర్ఘకాలిక ఋణము – అభివృద్ధి బ్యాంకుల చరిత్ర

మామిడితోట వేయదలచిన రైతు అప్పునకు పోయినప్పుడు, ఏడాది తిరుగకమునుపే అసలును వడ్డీని చెల్లింపుమని షరతు పెట్టెడి షావుకారు అతనికి అక్కరకు రాడు. మొక్క కాపునకు వచ్చుటకు కొన్ని యేండ్లు పట్టును. అంతవరకు ఆగగల అప్పు దొరకనిచో రైతు తోట మాట మరచి, ఈ యేటి పైరుతోనే సరిపెట్టుకొనును. సిమెంటు కర్మాగారము, ఎరువుల ఫ్యాక్టరీ, విద్యుత్కేంద్రము కూడ ఇట్టి తోటలే. యంత్రములు తెప్పించి, పనివారికి పని నేర్పి, సరకు అమ్మి లాభము చూచుసరికి సంవత్సరములు గడచును.

మన యిండ్లలో మిగిలిన సొమ్మును మనము బ్యాంకులో దాచుకొందుము. పిల్ల పెండ్లికో, వైద్యమునకో కావలసిన నాడు తిరిగి తీసికొనవచ్చునని మన ధైర్యము. అందుచేతనే వాణిజ్య బ్యాంకు ఆ సొమ్మును పదునైదేండ్ల గడువుతో ఒక కర్మాగారమునకు ఇచ్చుటకు జంకును. ఆ జంకు తప్పు కాదు. అది మన సొమ్మునకు రక్ష. కాని అందరును జంకినచో దేశమున కర్మాగారములు లేవవు. ఈ చిక్కును విప్పుటకే అభివృద్ధి బ్యాంకులు పుట్టినవి.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1852లో పెరేర్ సోదరులు పారిస్ నగరమున క్రెడి మొబిల్యే అను బ్యాంకును స్థాపించి రైలుమార్గములకు పెట్టుబడి సమకూర్చిరి. పదునైదేండ్లకు అది కూలిపోయినను దాని మార్గము నిలిచినది. 1902లో జపానులో పారిశ్రామిక బ్యాంకు ఏర్పడెను. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట 1948లో పశ్చిమ జర్మనీ, 1952లో బ్రెజిల్, 1954లో దక్షిణ కొరియా ఇట్టి సంస్థలను నెలకొల్పినవి.

మన దేశమున 1916లో నియమితమైన పారిశ్రామిక కమిషన్ పరిశ్రమలకు ప్రత్యేక బ్యాంకులు కావలెనని సూచించెను. 1917లో వెలసిన టాటా పారిశ్రామిక బ్యాంకు ఎక్కువకాలము నిలువలేక 1923లో సెంట్రల్ బ్యాంకులో కలిసిపోయెను. 1931లో కేంద్ర బ్యాంకింగ్ విచారణ సంఘము మరల ఈ ప్రశ్ననే చర్చించెను. కాని దేశమంతటికి పనిచేయు సంస్థ ఏర్పడుటకు స్వాతంత్ర్యము రావలసివచ్చెను.

1948 జూలై 1వ తేదీన భారత పారిశ్రామిక ఆర్థిక కార్పొరేషన్ పని ప్రారంభించెను. మధ్యతరహా, చిన్నతరహా పరిశ్రమల కొరకు 1951లో రాష్ట్ర ఆర్థిక కార్పొరేషన్ల చట్టము వచ్చెను. ఆ చట్టము క్రిందనే 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆర్థిక కార్పొరేషన్ ఏర్పడెను. ప్రైవేటు పరిశ్రమల కొరకు 1955లో ఐసిఐసిఐ పుట్టెను. దానికి ప్రపంచబ్యాంకు కోటి డాలర్ల ఋణము నీయగా, భారత ప్రభుత్వము వడ్డీ లేకుండ ఏడున్నర కోట్ల రూపాయలిచ్చెను. దాని మొదటి అధ్యక్షుడు కర్నూలులో జన్మించిన సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారు. 1964లో రిజర్వు బ్యాంకునకు అనుబంధముగా భారత పారిశ్రామికాభివృద్ధి బ్యాంకు, అనగా ఐడిబిఐ, వెలసెను.

ఈ సంస్థలకు చౌకసొమ్ము ఎక్కడిది? రిజర్వు బ్యాంకు తన లాభములలో కొంత ప్రత్యేకనిధిగా కేటాయించెను. ప్రభుత్వ హామీతో ఈ సంస్థలు బాండ్లు జారీ చేయగా, బ్యాంకులు చట్టానుసారము ఉంచవలసిన నిల్వలలో భాగముగా వానిని కొనుచుండెను. కావున మనము దాచుకొన్న రూపాయియే, మన కంటికి కనబడని దారిన పోయి, ఎక్కడనో ఒక యంత్రమై తిరిగినది.

ఆ సొమ్ము ఏమి చేయగలదో ఒక్క ఉదాహరణము చాలును. మహారాష్ట్రమున అహమదునగరు జిల్లా లోణీ ప్రాంతమున చెరకు రైతులు విఠల్‌రావు విఖే పాటిల్ పూనికతో, ఆర్థికశాస్త్రవేత్త ధనంజయరావు గాడ్గిల్ అండతో, ప్రవర సహకార చక్కెర కర్మాగారమును తలపెట్టిరి. రైతులు తమ వాటాధనము తాము పోగుచేసికొనిరి. తక్కువపడిన దానికి పారిశ్రామిక ఆర్థిక కార్పొరేషన్ ఋణము తోడ్పడెను. 1950 చివర కర్మాగారము చెరకు ఆడసాగెను. బెల్లపు వర్తకుల దయపై బ్రతికిన రైతు తానే చక్కెర ఉత్పత్తిదారు డయ్యెను.

అయితే దోషములు లేకపోలేదు. పారిశ్రామిక ఆర్థిక కార్పొరేషన్ ఋణములలో పక్షపాతము కలదని పార్లమెంటులో విమర్శలు చెలరేగగా, సుచేతా కృపలానీ అధ్యక్షతన విచారణ సంఘము ఏర్పడి 1953లో నివేదిక నిచ్చెను. ప్రభుత్వ ఆర్థిక సంస్థల సాయములో పెద్దభాగము పెద్ద పారిశ్రామిక కుటుంబములకే చేరినదని 1969లో సుబిమల్ దత్ సంఘము తేల్చెను. చిన్నవానికి చేయూతగా పుట్టిన సొమ్ము, చేయూత అక్కరలేనివాని యింటనే చేరుట ఈ చరిత్రలోని చేదు నిజము.

1990 తరువాత ఆర్థికసంస్కరణలు వచ్చినవి. చౌకనిధుల దారులు మూసికొనిపోయినవి. బజారు వడ్డీకి సొమ్ము తెచ్చి దీర్ఘకాలము అప్పిచ్చుట ఈ సంస్థలకు గిట్టలేదు. 2002లో ఐసిఐసిఐ, తాను పెంచిన బ్యాంకులోనే విలీనమయ్యెను. 2004లో ఐడిబిఐ సాధారణ బ్యాంకుగా మారెను. రహదారులకును విద్యుత్కేంద్రములకును అప్పిచ్చు భారము వాణిజ్య బ్యాంకులపై పడెను. ఏవి జంకవలెనో అవి జంకుట మానినవి. 2018 మార్చి నాటికి బ్యాంకుల మొండిబాకీలు మొత్తము ఋణములలో 11 శాతమును మించినవి. బాకీలన్నియు ఆ ఋణములవే కాకపోయినను, వాని పాలు తక్కువ కాదు. చివరకు 2021లో పార్లమెంటు చట్టము చేసి, మౌలిక సౌకర్యముల కొరకు మరల ఒక జాతీయ బ్యాంకును నెలకొల్పెను. ప్రభుత్వము దానికి 20,000 కోట్ల రూపాయల మూలధన మిచ్చెను.

దోషములున్నవని పాతింటిని విడిచిన వారము, రెండు దశాబ్దములు గడువకమునుపే అదే పునాదిపై మరల గోడ లేపవలసివచ్చెను. అభివృద్ధి చెందుచున్న దేశమునకు ఓపిక గల సొమ్ము తప్పదని ఈ చరిత్ర చెప్పుచున్నది. కాని ఓపిక వేరు, ఉదాసీనత వేరు. అప్పు ఎవరికి చేరినది, దానితో ఏమి మొలచినదని ఏటేట అడుగువారుండవలెను. సొమ్ము మనది కావున ఆ అడుగుట కూడ మన పనియే.