పల్లకి వచ్చిన వాకిలి



‘మల్లీశ్వరి’ సినిమా చూడనివాళ్ళు మనలో బహు తక్కువ. 1951 డిసెంబరులో వచ్చిన సినిమా అది. మన అమ్మమ్మలు చూశారు, అమ్మలు చూశారు, మనమూ చూశాం. అందులో ఒక చిన్న సంగతి మీకు గుర్తుండే వుంటుంది. నాగరాజు, మల్లి బావామరదళ్ళు. బండి కట్టుకుని సంతకు వెళ్ళి వస్తూ, వాన పట్టుకుంటే పాత మంటపంలో చేరతారు. అదే మంటపంలోకి మారువేషంలో తిరుగుతున్న కృష్ణదేవరాయలవారూ, అల్లసాని పెద్దనగారూ వస్తారు. మల్లి ఆటా పాటా చూసి మెచ్చుకుంటారు. వచ్చినవారెవరో తెలియని నాగరాజు, మరదల్ని ఏడిపించడానికి, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకి పంపించండని వేళాకోళమాడతాడు.

వేళాకోళం కాస్తా నిజమై కూర్చుంది. నాగరాజు డబ్బు సంపాదించడానికి ఊరు విడిచి వెళ్ళిన సమయంలో మల్లి వాకిట్లో పల్లకి దిగింది. తల్లి కళ్ళు నగల మీద పడ్డాయి. మల్లి రాణివాసానికి వెళ్ళిపోయింది. ఊళ్ళో అందరూ ఎంత అదృష్టమన్నారు. ఆ అదృష్టం వచ్చిన పిల్లకి మాత్రం బావ దూరమైపోయాడు.

పిల్ల వయసులో పుట్టిన ప్రేమ, అంతలో ఇద్దరిలో ఒకరికి హఠాత్తుగా పేరు రావడం, ఆ పేరు మధ్యలో గోడగా నిలవడం — ఇదీ ‘మల్లీశ్వరి’ కథ. ఈ పూట నేను చెప్పదలచుకున్నది సినిమా కథ కాదు. ఆ మల్లి వేషం వేసిన భానుమతిగారి సొంత కథ. ఆవిడ వాకిట్లోకి పల్లకి అప్పటికి పన్నెండేళ్ళ కిందటే వచ్చింది. అప్పుడేం జరిగిందో, ఆ తరువాత ప్రేమ ఏమైందో తెలుసుకుంటే, మన ఇళ్ళల్లో ఆడపిల్లలకి పనికివచ్చే మాట ఒకటి దొరుకుతుందని నా ఆశ.

ముందు ఒక్క సంగతి. పదిహేడేళ్ళ పిల్ల ప్రేమించడమంటే ఈనాడు మనకి వింత అనిపించదు. కాని మన తాతమ్మల కాలంలో అలా ప్రేమించడానికి వీలే లేదు. ఎందుకంటారా? ఆ వయసుకి పెళ్ళి కాకుండా వున్న పిల్ల ఇంట్లో వుంటే కదా! శారదా చట్టం 1929లో చేశారు, 1930 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం కూడా ఆడపిల్లకి పధ్నాలుగేళ్ళు, మగపిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండాలన్నది, అంతే. ఆడపిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండాలనే నియమం 1978లో గాని రాలేదు. అందుచేత 1940 ప్రాంతాల్లో పదిహేడేళ్ళ పిల్ల పెళ్ళికాకుండా వుండడమే ఒక విశేషం. ఆ పిల్ల తన మొగుణ్ణి తనే చూసుకుంటానంటే అది అంతకంటే పెద్ద విశేషం.

భానుమతిగారు 1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి శ్రద్ధగా సంగీతం చెప్పించారు. అమ్మాయి పాట మంచి గురువుల చెవిన పడాలని ఆయన అనుకుంటే, అది సినిమావారి చెవిన పడింది. సి. పుల్లయ్యగారు ‘వరవిక్రయం’ తీస్తున్నారు. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం అది. వరకట్నం మీద అంత గట్టిగా దెబ్బకొట్టిన నాటకం మనకి మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకోవడం చూడలేక ప్రాణం తీసుకునే కాళింది వేషం ఈ పిల్లకి ఇచ్చారు. 1939లో సినిమా వచ్చింది. వేషం వేసిన పిల్ల వయసు పదమూడో పధ్నాలుగో!

సంసారుల ఇంటి పిల్ల సినిమాల్లో చేరడం ఆ రోజుల్లో మాటలా? తెలుగులో మాటలు వచ్చిన మొదటి పూర్తి సినిమా ‘భక్త ప్రహ్లాద’ 1932లో వస్తే, అందులో లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయిగారు నాటక కుటుంబంలో పుట్టి పెరిగిన మనిషి. సురభివారి ఇళ్ళల్లో ఆడవాళ్ళు రంగమెక్కడం కొత్త కాదు. తక్కిన ఇళ్ళ సంగతి అలా కాదు. అందుకే వెంకటసుబ్బయ్యగారు గట్టి షరతు పెట్టారు. మా అమ్మాయిని ఏ నటుడూ తాకకూడదు, కౌగిలింతలవంటివి వుండకూడదు అన్నారు. నిర్మాతలు ఒప్పుకున్నారు. ఈ షరతు విని ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో. కాని కూతురి పాట పదిమందీ వినాలి, కూతురి మీద మాత్రం మాట పడకూడదు అని నలిగిపోయిన ఒక తండ్రి గుండె అందులో వుంది.

మా పెద్దత్తయ్య చెబుతుండేది. వీధిలో గ్రామఫోను మీద భానుమతి పాట వినిపిస్తే వంటింట్లో గరిటె ఆగిపోయేదిట. అదే పాట ఇంట్లో ఆడపిల్ల కూనిరాగం తీస్తే, “సినిమాల్లోకి వెళతావుటే?” అని వెంటనే కసిరేవారుట. పాట కావాలి, పాడిన పిల్ల మాత్రం మన ఇంటి పిల్ల కాకూడదు. ఆనాటి పేరుకి రెండు మొహాలుండేవి.

‘వరవిక్రయం’ తరువాత ‘మాలతీ మాధవం’, ‘ధర్మపత్ని’ ఇలా వరసగా వేషాలు వచ్చాయి. తరువాత ‘కృష్ణప్రేమ’. 1943లో వచ్చిన ఆ సినిమాకి రామకృష్ణారావుగారని ఒక యువకుడు సహాయ దర్శకుడుగా పనిచేస్తున్నారు. పాలువాయివారి అబ్బాయి. పేరు లేదు, ఆస్తి లేదు. సినిమాలో సహాయ దర్శకుడంటే ఏమిటో మీకు తెలుసుగా? అందరికంటే ముందు రావాలి, అందరికంటే ఆఖర్న వెళ్ళాలి, తెరమీద పేరు కనిపించిందో లేదో చూసుకునేలోపు వెళ్ళిపోతుంది. పాట పాడి ఊళ్ళన్నీ వూపుతున్న అమ్మాయి ఆ నెమ్మదైన మనిషిని ఇష్టపడింది.

తండ్రి ఒప్పుకోలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రావడంలేదు. చేతికి అందివచ్చిన పిల్ల, మంచి పేరు తెచ్చుకున్న పిల్ల, నిలకడైన ఆదాయం లేని కుర్రవాణ్ణి చేసుకుంటానంటే ఏ తండ్రి వెంటనే సరేనంటాడు? పిల్ల పట్టు వదల్లేదు. 1943 ఆగస్టు 8న పెళ్ళయింది. పెళ్ళికూతురికి పద్దెనిమిదో యేడు.

ఒక్క క్షణం ఆగి చూడండి. కట్నం పెట్టి వరుణ్ణి కొనడం తప్పని తెరమీద చచ్చిపోయి చూపించిన కాళింది, నాలుగేళ్ళు తిరిగేసరికి, జీవితంలో కాసులు లెక్కపెట్టకుండా మనిషిని ఎంచుకుంది. నాటకం రాసిన కాళ్ళకూరివారు అప్పటికి లేరు. వుంటే తప్పక సంతోషించేవారు.

ఇంతవరకూ బాగానే వుంది. అసలు పరీక్ష పెళ్ళి తరువాతే. భానుమతిగారు సినిమాలు మానేశారు. ఎవరో బలవంతాన మానిపించారని కాదు. చిన్న ఇల్లు, భర్త, వంట, పూజ, మధ్యతరగతి ఇల్లాలి బతుకు తనకి చాలని ఆవిడే అనుకున్నారు. ఆవిడ కోరికని నేను చిన్నచూపు చూడడంలేదు. నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటి. ప్రేమా పేరూ రెండూ ఒకే ఇంట్లో ఇమడవని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పనక్కరలేదు. గాలిలోనే వుంది ఆ మాట. మగవాడికి పేరు వస్తే భార్య కూడా గర్వంగా తలెత్తుకుంటుంది. ఆడదానికి పేరు వస్తే, భర్త తల దించుకోవాలేమోనన్న భయం ముందు ఆ ఆడదానికే పుడుతుంది. ఆ భయంతో ఎన్ని హార్మోనియం పెట్టెలు అటకలెక్కాయో, ఎన్ని వీణలు గలీబులు తొడుక్కుని మూల కూర్చున్నాయో మనకి తెలియనిదా?

ఆ సమయంలో బి.ఎన్. రెడ్డిగారు ‘స్వర్గసీమ’ తలపెట్టారు. అందులో వేషానికి భానుమతిగారే కావాలన్నారు. రామకృష్ణగారు ఒప్పుకున్నారు. ఈ చిన్న వాక్యాన్ని దాటిపోకండి. ఇంకా నిలదొక్కుకోని మగవాడు, భార్య పేరు తనని మింగేస్తుందేమోనని భయపడడానికి అన్ని కారణాలూ వున్న మగవాడు, సరేనన్నాడు.

వేషం ఎలాంటిదో చూడండి. వీధుల్లో ఆడిపాడే సుబ్బి నాటకాల్లో చేరి సుజాతాదేవిగా పేరు తెచ్చుకుంటుంది. ఆ మెరుపు చూసి ఒక సంసారి తన ఇల్లాలు కల్యాణిని మరిచిపోతాడు. ఇంట్లో కల్యాణిలా వుండిపోదామనుకున్న ఆవిడకి సుజాత వేషం వచ్చింది! 1945లో సినిమా విడుదలైంది. పావురం పాట ఊరూరా మోగిపోయింది. అంతవరకూ వచ్చిన పేరు ఒక ఎత్తు, ఈ పేరు ఒక ఎత్తు. ఆవిడకి ఇంకా ఇరవయ్యేళ్ళు నిండలేదు.

తెరమీద కథలో పేరు ఒక సంసారాన్ని చెదరగొట్టింది. తెర వెనక మాత్రం అలా జరగలేదు. ఆలుమగలు కలిసి సొంత సంస్థ పెట్టి, దానికి కొడుకు పేరు మీద భరణి అని పేరు పెట్టుకున్నారు. మొదట ‘రత్నమాల’ తీశారు. 1949లో ‘లైలా మజ్ను’. ఆమె నాయిక, ఆయన దర్శకుడు. సెట్టు మీద ఎవరి పని వారిది. తరువాత మద్రాసులో భరణి స్టూడియో కూడా వెలిసింది. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ మూడు భాషల్లో తీసినప్పుడు దర్శకత్వం భానుమతిగారే వహించారు. దర్శకుడైన భర్త ఇంట్లో వుండగా భార్య దర్శకత్వం చెయ్యడం! ఏ ఇంట్లోనైనా చిన్న సంగతా? మరుసటి సంవత్సరమే ఆయన దర్శకత్వంలో ‘విప్రనారాయణ’ వచ్చింది. దేవదేవిగా ఆవిడ నటన ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. ఒకరు ముందుకు వెళితే ఇంకొకరు వెనక్కి తగ్గాలనే లెక్క వాళ్ళు పెట్టుకోలేదు.

వాళ్ళ సంసారంలో మాటపట్టింపులే లేవని నేననను. లేని ఇల్లు వుంటే చెప్పండి, వెళ్ళి చూసివద్దాం! భానుమతిగారు మాట పడే మనిషి కాదని లోకమంతా ఎరుగును. అయినా ఆ మనిషే కడదాకా తన పేరుని ‘భానుమతీ రామకృష్ణ’ అనే రాసుకున్నారు. ‘అత్తగారి కథలు’ మీద అదే పేరు. 1986లో ఆయన పోయారు. ఆ తరువాత దాదాపు పంతొమ్మిదేళ్ళు బతికిన ఆవిడ ఆ పేరు మార్చుకోలేదు. తన జీవితకథ ‘నాలో నేను’ రాశారు, దానికి సినిమా పుస్తకాలకిచ్చే జాతీయ బహుమతి వచ్చింది. 1966లో పద్మశ్రీ, ఆ తరువాత పద్మభూషణ్ వచ్చాయి. 2005 డిసెంబరు 24న కన్నుమూశారు.

ఇప్పుడు మళ్ళీ ఆ మంటపం దగ్గరికి వద్దాం. ‘మల్లీశ్వరి’ కథకి ఆధారమైన వాటిలో, రేడియోలోనే ఉద్యోగం చేసిన బుచ్చిబాబుగారి నాటిక ఒకటి వుంది. దాని పేరు ‘రాయల కరుణకృత్యం’. పేరులోనే కథ వుంది. మల్లి కోసం నాగరాజు రాణివాసంలో అడుగుపెట్టి మరణశిక్షకి సిద్ధమైతే, రాయలవారు కరుణించబట్టి ఇద్దరూ ఒకటయ్యారు. రాజు దయ తలచకపోతే ఆ ప్రేమ అక్కడితో సరి.

భానుమతిగారి ఇంట్లో రాజెవరూ లేరు. ఆ కరుణ చూపవలసినవాడు నాగరాజే. చూపించాడు. పల్లకి వచ్చినప్పుడు ఎక్కవద్దని అడ్డంపడలేదు. వెనక నడవాల్సివస్తుందని కుమిలిపోలేదు. తనూ ఒక కొమ్ము పట్టాడు.

ఈ రోజుల్లో పల్లకులు చాలా రకాలుగా వస్తున్నాయి. టీవీలో పాటల పోటీ నెగ్గిన పిల్ల తెల్లారేసరికి రాష్ట్రమంతా తెలిసిపోతోంది. ఆటలో పతకం తెచ్చిన పిల్ల ఫొటో ప్రతి చేతిలోని ఫోనులోనూ కనిపిస్తోంది. అంతవరకూ పక్కన నడిచిన కుర్రవాడి మొహం అప్పుడే కొంచెం ముడుచుకుంటుంది. పెళ్ళిచూపులకి వచ్చినవారు కాఫీ గ్లాసు కింద పెట్టి, “పెళ్ళయ్యాక ఇవన్నీ మానేస్తుందాండీ?” అని మెల్లిగా అడుగుతారు. మనం పిల్లవైపు చూస్తాం. పిల్ల నేలవైపు చూస్తుంది.

ఇకమీదట ఆ ప్రశ్న వచ్చినప్పుడు పిల్లవైపు చూడకండమ్మా. పిల్లవాడివైపు తిరిగి, “నువ్వేమంటావు నాయనా, పల్లకి కొమ్ము పట్టగలవా?” అని అడగండి. వాడు చెప్పే జవాబునిబట్టి ముహూర్తం సంగతి ఆలోచించవచ్చు.

సెలవు.