సంస్థానాల సొమ్ము, నాలుగణాల సభ్యత్వం

పాలమూరుగా ప్రసిద్ధమైన మహబూబ్‌నగర్ ప్రాంతంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానాలు, అనగా నిజాముకు పేష్కష్ అనే కప్పం చెల్లిస్తూ తమ ఎల్లల్లో తామే పాలన సాగించిన చిన్న రాజ్యాలు, ఉండేవి. రైతు కట్టిన శిస్తులో కొంత కవిపండితుల సన్మానాలకు వెచ్చించినందువల్ల గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరు స్థిరపడింది. ఎవరిని పోషించాలో నిర్ణయించేది మాత్రం దాత అభిరుచే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సంపద ప్రజాభిప్రాయ నిర్మాణం వైపు మళ్లింది. వనపర్తి సీమలో పుట్టి హైదరాబాదు కొత్వాలుగా, అంటే నగర పోలీసు అధిపతిగా, ఎదిగిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలుకు సంపన్నుల విరాళాలు తోడయ్యాయి. ఆ హాస్టలు నిర్వహణ చూసిన ఇటిక్యాలపాడు వాసి సురవరం ప్రతాపరెడ్డి, ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో 1926లో ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో సంచికను వెలువరించారు.

ఆయన అధ్యక్షతన 1930లో జోగిపేటలో మొదలైన, నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ 1936లో పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లోనూ సమావేశమైంది. మాతృభాషలో చదువు, గ్రంథాలయాలు కోరినప్పుడు భూస్వాములకు ఇబ్బంది కలగలేదు గాని, కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకునే వెట్టి ప్రస్తావనకు వచ్చేసరికి అది వారి గడీల, అంటే కోటల్లాంటి ఇళ్ల, వాకిట్లోకే వచ్చిన ప్రశ్న అయింది. సభ్యత్వ రుసుము రూపాయిగా ఉన్నంతకాలం వకీళ్లు, దేశ్‌ముఖులనే పెద్ద భూస్వాములు సులభంగా చేరగలిగిన సంస్థలో కూలివాడికి చోటు దొరకడం కష్టం. 1940ల తొలినాళ్లలో దాన్ని నాలుగణాలకు, అంటే నాలుగో వంతుకు, తగ్గించడంతో సభ స్వరమే మారిపోయింది. ఆ మార్పుకు నాయకత్వం వహించిన రావి నారాయణరెడ్డి కూడా నల్లగొండ భూస్వామ్య కుటుంబంలో పుట్టినవారే కనుక, సంపన్నుడి అభిప్రాయం అతని ఆస్తికి ఎల్లవేళలా కట్టుబడి ఉంటుందనడానికి వీలులేదు.

1949లో జాగీర్లు, అంటే శిస్తు వసూలు హక్కుతో ఇచ్చిన భూములు, రద్దయ్యాయి. 1957లో వనపర్తి రాజా రామేశ్వరరావు మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తరతరాలుగా శిస్తు వసూలు చేసిన వంశం ఆ ఊళ్లకే ఓటు అడగడానికి వెళ్లింది.