వార్డ్రోబు: ఒక గది చరిత్ర

ఆంగ్లమున వార్డ్రోబు అనిన నేడు బట్టల బీరువా. మధ్యయుగమున నది యొక గది. నార్మనుల ఫ్రెంచి నుండి ఇంగ్లండు చేరిన యీ పదమునకు ‘వస్త్రములను గాచునది’ యని వ్యుత్పత్తి. ప్రభువుల శయనాగారమును చేరి యుండు నా చిన్నగదిలో విలువగల వస్త్రములు, ఆభరణములు, సుగంధద్రవ్యములు భద్రపరచెడివారు. అది యేకాంతస్థల మగుటచే దుస్తులు మార్చుకొనుటకును తావయ్యెను. మర్యాదకై మరుగుదొడ్డికి సైత మాపేరే పెట్టిరి. 14వ శతాబ్దపు మహాకవి చాసరు ఆ యర్థమున నీ పదమును వాడియున్నాడు.

రాజుగారి వస్త్రము లున్నచోటనే నాణెముల పెట్టెయు నుండెను. క్రమముగా నా గదియే కోశాగార మయ్యెను. దేశపు రాబడికి వెస్టుమినిస్టరున ఎక్స్చెకరు అను కచేరి వేరుగా గలదు. షెరీఫులు అచ్చటనే లెక్క లొప్పజెప్పవలెను. కాని రాజు దండు వెడలునపుడు ఎక్స్చెకరు సామాన్యముగా గదలదు. వార్డ్రోబు బండ్లమీద వెంట నడచును. 1272 మొదలు 1307 వరకు ఏలిన మొదటి ఎడ్వర్డు వేల్సు, స్కాట్లండు యుద్ధములలో సైనికుల జీతములు దానినుండియే చెల్లించెను.

పద్దులు వ్రాయు పద్ధతి మెచ్చదగినది. కీపరు అను అధికారి చర్మపత్రపు చుట్టపై లెక్క వ్రాయించును. రెండవ యధికారి యవే పద్దులను ప్రతిచుట్టపై వ్రాయించును. రెండును సరిపడవలెను. ప్రతిచుట్టకు లాటినున ‘కాంట్రారోటులుస్’ అని పేరు. కంట్రోలరు, కంట్రోలు అను మాటల కదియే మూలము. చౌకబియ్యపు దుకాణమును ‘కంట్రోలు’ అను మన పల్లెవాసి నోట నా చుట్ట పేరే పలుకుచున్నది. ఎడ్వర్డు 28వ పాలనావత్సరపు (1299–1300) ప్రతిలెక్క 1787లో అచ్చుపడినది.

అయినను వ్యయమునకు రాజాజ్ఞయే హద్దు. ఎడ్వర్డు మరణించునాటికి ఋణము సుమారు 2,00,000 పౌనులని చరిత్రకారుల యంచనా. తుది యేండ్ల లెక్కలు అప్పటికి పరిష్కారము కాలేదు. కుమారుని కాలమున, 1311లో, సుంకముల పైకము ఎక్స్చెకరునకే చేరవలెనని సామంతులు శాసించిరి. ప్రజల సొమ్ము రాజు సొంతగదిలో నుండిన, దాని లెక్క యెవరి కొప్పజెప్పవలెనన్నదే వారి ప్రశ్న.

దాని యుపశాఖగా వెలసిన ‘గ్రేట్ వార్డ్రోబు’ 1782లో రద్దయ్యెను. లండనున ‘వార్డ్రోబు చెంతనున్న సెయింట్ ఆండ్రూ’ అను దేవాలయము మాత్ర మాపేరును నేటికిని నిలుపుకొనియున్నది.